ఉత్తరాంధ్ర తీరం చూడటం ఎలా: కొండ మీది ఆరామాలు, రేవు భోజనం, సముద్రం

విశాఖ ప్రయాణం అనగానే చాలామంది లెక్క ఒకటే. ఒక సాయంత్రం ఆర్కే బీచ్, ఒక పూట కైలాసగిరి, మర్నాడు అరకు, రాత్రికి రైలు. ఇందులో తప్పేమీ లేదు. కాకపోతే అనకాపల్లి నుంచి కళింగపట్నం దాకా ఉన్న తీరం మొత్తం ఈ లెక్కలోకి రాదు. ఆ తీరం వెంట రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ ఆరామాలున్నాయి, డచ్చివాళ్ల సమాధులున్నాయి, కళింగాన్ని ఏలిన తూర్పు గాంగులు కట్టించిన గుళ్లున్నాయి. వాటి కిందే చేపల రేవులు, వాటి పక్కనే తాటి తోపులు. ఐదు రోజులు చేతిలో ఉంటే తాపీగా చూసి రావచ్చు. మూడు రోజులే ఉన్నా ఏది వదిలేయాలో తెలిస్తే చాలు.

నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. ఈ తీరాన్ని బీచ్‌ల వారీగా కాదు, నదీముఖాల వారీగా చూడండి. పాత ఆరామాలు ఊరికే ఎక్కడపడితే అక్కడ వెలవలేదు. గోస్తని సముద్రంలో కలిసే చోట భీమిలి రేవు, ఆ చుట్టూ పావురాళ్లకొండ, బావికొండ, తొట్లకొండ. వంశధార కలిసే చోట కళింగపట్నం రేవు, కాస్త ఎగువన శాలిహుండం. శారద నది ఒడ్డున అనకాపల్లి, దాని పక్కనే శంకరం కొండలు. రేవులో ఓడలు దిగేవి, వర్తకులు దానాలు ఇచ్చేవారు, భిక్షువులు ఊరికి మరీ దూరమూ కాకుండా, సందడిలోనూ లేకుండా కొండ మీద ఉండేవారు. తొట్లకొండ తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు దొరికాయంటే ఆ రేవుల వ్యాపారం ఎంత దూరం పోయిందో ఊహించుకోవచ్చు. ఒక నదీముఖం దగ్గర ఆగితే కొండ, రేవు, ఇసుక మూడూ ఒకే రోజులో అందుతాయి. పొద్దున్నే కొండ, మధ్యాహ్నం భోజనం, ఎండ తగ్గాక సముద్రం. రోజూ ఇదే వరుస పెట్టుకోండి.

మొదటి అడుగు: ఎప్పుడు వెళ్లాలి

డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. ఇంకో మాట లేదు. కొండల మీద నీడ తక్కువ, మార్చి దాటితే పదింటికే రాయి కాలిపోతుంది. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళం తీరాన్ని, ఉద్దానం కొబ్బరి తోటల్ని నేలమట్టం చేసింది. ఆ నెలల్లో టిక్కెట్లు తీసుకుంటే రద్దు చేసుకునే వీలు ఉన్నవే తీసుకోండి.

భోజనం కోసమే వచ్చేవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం. గుడ్లు పెట్టే కాలం కాబట్టి మరబోట్లు సముద్రంలోకి వెళ్లవు. చిన్న తెప్పల మీద తెచ్చే చేప కొంత దొరుకుతుంది గానీ, ఆ రెండు నెలల్లో హోటల్లో పెద్ద వంజరం ముక్క వడ్డిస్తే అది ఐసులో ఎన్నాళ్లున్నదో అడగడం మీ హక్కు.

కార్తీకమాసం ఆదివారాలు వనభోజనాల వాళ్లతో భీమిలి రోడ్డు కిక్కిరిసిపోతుంది. సంక్రాంతి మూడు రోజులూ అంతే. రద్దీ పడనివాళ్లు వారం మధ్యలో రండి. ఎలాగూ పురావస్తు శాఖ మ్యూజియాలకు సాధారణంగా శుక్రవారం సెలవు, శాలిహుండం పెట్టుకున్న రోజు శుక్రవారం కాకుండా చూసుకోవాలి.

రెండో అడుగు: ఎక్కడ దిగాలి

ఒకే చోట గది తీసుకుని రోజూ వందల కిలోమీటర్లు తిరిగే పద్ధతి ఇక్కడ పనికిరాదు. విశాఖ నుంచి శ్రీకాకుళం సుమారు 110 కిలోమీటర్లు, పోను రాను రోజంతా కారులోనే గడుస్తుంది. విశాఖలో మూడు రాత్రులు, శ్రీకాకుళంలో రెండు రాత్రులు. ఇలా విడగొట్టుకుంటే ప్రయాణం సగానికి సగం తేలికవుతుంది.

విశాఖలో బస బీచ్ రోడ్డు వైపు ఉంటే పొద్దున్నే భీమిలి దారిలో పడొచ్చు. రైలు దిగి వచ్చేవాళ్లు స్టేషన్ దగ్గర గది తీసుకుంటే డబ్బు మిగులుతుంది గానీ, రోజూ ఊరు దాటడానికే గంట పోతుంది. శ్రీకాకుళం విషయంలో కొత్తవాళ్లు తికమకపడేది స్టేషన్ దగ్గరే. శ్రీకాకుళం రోడ్ అనే స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. అక్కడి నుంచి పట్నంలోకి ఆటోలోనో బస్సులోనో ఇంకో పన్నెండు, పదమూడు కిలోమీటర్లు రావాలి. అర్ధరాత్రి దిగే రైలు ఎంచుకోకండి. విశాఖ నుంచి ఆర్టీసీ బస్సులో వస్తే నేరుగా పట్నంలోనే దిగుతారు, జాతీయ రహదారి బాగుంటుంది.

బండి సంగతి. భీమిలి వైపు సిటీ బస్సులు సముద్రం వెంటే వెళ్తాయి, కిటికీ సీటు దొరికితే అదే ఒక విహారం. కానీ బస్సు కొండ కిందే దింపుతుంది. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే ఆ రోజుకు ఆటో గానీ కారు గానీ మాట్లాడుకోండి. శ్రీకాకుళం పక్కనున్న గార మండలం తిరగడానికి మాత్రం బండి లేకుండా కుదరదు. ఎక్కే ముందే ఎక్కడెక్కడ ఆగాలో పేర్లు చెప్పి, ఎదురుచూసే సమయం కూడా కలిపి మొత్తం ఎంతో తేల్చుకోండి.

మూడో అడుగు: గోస్తని రోజు

పొద్దున్న ఏడున్నరకల్లా బయల్దేరండి. ఆర్కే బీచ్‌లో ఒడ్డున పెట్టిన కురుసుర జలాంతర్గామిని తిరిగి వచ్చాక చూసుకోవచ్చు. రుషికొండ దాటాక ఎడమ వైపు కొండల్లోకి దారి చీలుతుంది. మొదట తొట్లకొండ.

సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తున ఉన్న ఈ కొండ శిఖరం బల్లపరుపుగా ఉంటుంది. 1970లలో నౌకాదళం తన అవసరాల కోసం విమానం నుంచి సర్వే చేయిస్తుంటే ఈ కట్టడాల ఆనవాళ్లు బయటపడ్డాయి. ఆ తర్వాత రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి 1993 దాకా తవ్వి మొత్తం బయటికి తీసింది. క్రీస్తుపూర్వం నుంచి క్రీస్తుశకం మూడో శతాబ్దం దాకా ఇక్కడ భిక్షువులు నివసించారు.

చాలామంది పైకి వచ్చి, సముద్రం కనిపించేలా ఒక ఫొటో దిగి, పది నిమిషాల్లో దిగిపోతారు. నాకు బాధగా ఉంటుంది. ఇక్కడ మోకాలెత్తు గోడలే ఉన్న మాట నిజం. కానీ వాటిని చదవడం తెలిస్తే ఒక ఊరే కనిపిస్తుంది. అందుకే ఇక్కడ ఒక గంటన్నర పెట్టుకోమంటాను, ఈ వరుసలో చూడమంటాను.

ముందు నీళ్ల దగ్గరికి వెళ్లండి. కొండ మీద ఊట లేదు, ఏరు లేదు. రాతిని తొలిచి తొట్లు చేశారు. వంగి చూడండి, ఉలి దెబ్బల చార పక్కన చార ఇప్పటికీ తెలుస్తుంది. వాన నీరు రాతి వాలు వెంట జారి వీటిలోకి చేరుతుంది. అవి నిండితే ఏడాది గడిచేది. వానాకాలంలో మూడు నెలలు భిక్షువులు తిరగకుండా ఒకే చోట ఉండాలన్నది వాళ్ల నియమం, ఆ మూడు నెలలకూ ఈ నీళ్లే ఆధారం.

నీళ్ల తర్వాత గదులు. వరసగా చిన్న చిన్న గదుల పునాదులు కనిపిస్తాయి. ఒక మనిషి పడుకోవడానికి, కూర్చోవడానికి సరిపోయేంత చోటు, ముందు వసారా. ఒక గదిలోకి అడుగుపెట్టి నిలబడి, చేతులు చాపి చూడండి. ఎంత తక్కువ చోటులో బతికారో ఒంటికి తెలుస్తుంది. ఆ తర్వాత స్తంభాల మొదళ్లు మాత్రమే మిగిలిన పెద్ద హాలు, అది అందరూ కలిసి కూర్చునే చోటు. పక్కనే వంటశాల, భోజనశాల. పిల్లలకు ఈ భాగం బాగా నచ్చుతుంది, ఎవరి గది ఎక్కడ, వంట ఎక్కడ అని వాళ్లే వెతుక్కుంటారు.

చివరగా చైత్యగృహాలు, అంటే పూజా మందిరాలు, ఆపైన మహాస్తూపం. చైత్యగృహం వెనక వైపు గుండ్రంగా ఉంటుంది, గజపృష్ఠం అంటారు. ఏనుగును వెనక నుంచి చూసినట్టు ఉంటుంది కాబట్టి ఆ పేరు. స్తూపం మీద కాలు పెట్టకండి, పిల్లల్ని ఎక్కనివ్వకండి. 2019 అక్టోబరులో కురిసిన వానలకే మహాస్తూపంలో ఒక భాగం కూలిపోతే తర్వాత మళ్లీ కట్టాల్సి వచ్చింది. ఇటుక మీద ఇటుక అలా నిలిచి ఉన్నదంతే.

బావికొండ కూడా ఇదే కాలానిది, ఇక్కడి కంటే నిశ్శబ్దంగా ఉంటుంది. 1982 నుంచి 1987 మధ్య తవ్వారు. మహాస్తూపం దగ్గర బూడిదతో పాటు ఎముక ముక్క ఉన్న పాత్ర దొరికింది. అది బుద్ధుడి ధాతువు, అంటే ఆయన శరీర అవశేషమేనని నమ్ముతారు. సమయం తక్కువైతే తొట్లకొండనో బావికొండనో ఒకదాన్నే నిదానంగా చూడండి. రెండూ హడావిడిగా చూస్తే రెండూ ఒకేలా అనిపిస్తాయి.

తొట్లకొండ దిగితే మంగమారిపేట. అలలు తొలిచిన సహజ శిలాతోరణం ఇక్కడి ఒడ్డున ఉంది. సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళ వెళ్తేనే దగ్గరికి నడవగలరు. పోటు ఎక్కుతుంటే రాళ్ల మీద పాచి జారుతుంది, ఒడ్డునుంచే చూసి రండి. ఏ వేళకు పోటో, ఏ వేళకు పాటో ఒడ్డున వల బాగుచేసుకునే వాళ్లను అడిగితే గడియారం చూడకుండా చెబుతారు.

భీమిలికి ముందు ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్ల పాటు గాలి, వాన, సముద్రమట్టం హెచ్చుతగ్గులు కలిసి పేర్చిన ఎర్ర ఇసుక మేటలివి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ చేరింది. గట్టు అంచుల మీద ఎక్కితే ఇసుక విరిగి పడుతుంది. అది మీకూ ప్రమాదమే, దిబ్బలకూ తిరిగి రాని నష్టమే. లోయలాంటి దారుల్లో నడుస్తూ చూడండి. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఆ ఎరుపు ఇంకా చిక్కబడుతుంది.

భీమిలిలో డచ్చివాళ్ల సమాధుల తోట చూడండి. రాతి పలకల మీద చెక్కిన అక్షరాలు ఇంకా చదవగలిగేలా ఉన్నాయి. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో ఇది వాళ్ల వర్తక కేంద్రం. 1861లోనే ఇక్కడ పురపాలక సంఘం ఏర్పడింది, దేశంలోని తొలి పురపాలికల్లో ఇదొకటి. కాళ్లలో ఓపిక ఉంటే పావురాళ్లకొండ ఎక్కండి. స్థానికులు నరసింహస్వామి కొండ అంటారు, దారిలో గుడి ఉంది. పైన శిథిలాలు తొట్లకొండంత తీర్చిదిద్ది ఉండవు, కానీ ఇక్కడి నుంచి చూస్తే గోస్తని వంపు తిరిగి సముద్రంలో కలవడం మొత్తం కింద పరిచినట్టు కనిపిస్తుంది. ఇక్కడ ఆరామం ఎందుకు కట్టారో వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

నాలుగో అడుగు: శంకరం, బెల్లం, లక్కపిడతలు

రెండో రోజు పడమటి వైపు. అనకాపల్లి విశాఖ నుంచి 35 కిలోమీటర్ల లోపే, రైళ్లూ బస్సులూ బోలెడు. పట్నం నుంచి మూడు కిలోమీటర్ల దూరంలో శంకరం గ్రామం, అక్కడ పక్కపక్కనే బొజ్జన్నకొండ, లింగాలకొండ.

నిన్న చూసినవి ఇటుకతో కట్టినవైతే ఇక్కడివి కొండను చెక్కినవి. కాలం కూడా తర్వాతిదే, క్రీస్తుశకం నాలుగు నుంచి తొమ్మిదో శతాబ్దం దాకా. 1907-08లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ తవ్వకాలు జరిపించాడు. బొజ్జన్నకొండ ప్రధాన గుహలో స్తంభాల నడుమ ఏకశిలా స్తూపం ఉంటుంది. గుహ ముఖద్వారం పైన, లోపల కూర్చున్న బుద్ధుడి శిల్పాలు. తొట్లకొండలో బుద్ధుడి రూపం కోసం వెతికి దొరక్క నిరాశపడినవాళ్లకు ఇక్కడ తేడా అర్థమవుతుంది. మొదట్లో స్తూపాన్నే పూజించేవారు, విగ్రహం తర్వాత వచ్చింది. ఆ మార్పును ఒక రోజు తేడాతో రెండు కొండల మీద కళ్లారా చూడొచ్చు.

లింగాలకొండ మీద రాతినే తొలిచిన స్తూపాలు వరుసల మీద వరుసలు, చిన్నవీ పెద్దవీ. దూరం నుంచి శివలింగాల్లా కనిపిస్తాయి. మెట్లు కొంచెం ఏటవాలు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింది గుహల దాకా వెళ్లి ఆగినా నష్టం లేదు.

అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. చెరకు ఆడే రోజుల్లో, అంటే చలికాలంలో, చుట్టుపక్కల ఊళ్లలో గానుగలు నడుస్తాయి. రోడ్డు పక్కన పొగ, తీపి వాసన వస్తే ఆగి అడగండి. పెనంలో పాకం ఉడికి, బంగారు రంగు తిరిగి, చెక్క తెడ్డుకు అంటుకుంటూ ఉండగా ఒక ఆకులో కాస్త వేసిస్తారు. మరీ తెల్లగా మెరిసే బెల్లం కంటే కాస్త ముదురు రంగుది కొనుక్కోండి. తెల్లదనం కోసం మందులు కలిపే అలవాటు కొన్నిచోట్ల ఉంది.

ఇక్కడి నుంచి రెండు దారులు. మిఠాయి మీద మక్కువ ఉంటే మాడుగుల. గోధుమ పాలు, నెయ్యి, పాకం కలిపి గంటల తరబడి కలియబెట్టి చేసే మాడుగుల హల్వా పుట్టిల్లు అది. విశాఖలోనూ దొరుకుతుంది గానీ చేసే చోట కొంటే వేడి మీద రుచి వేరు. చేతిపనులు ఇష్టమైతే వరాహ నది పక్కన లక్కపిడతలు చేసే ఏటికొప్పాక. అంకుడు కర్రను చిత్రిక పట్టి, గింజలు, ఆకులు, వేళ్ల నుంచి తీసిన రంగులు లక్కలో కలిపి అద్దుతారు. తిరిగే కర్రకు లక్క ముద్ద ఆనించగానే రంగు అలా పాకుతూ రావడం చూసి తీరాలి. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పెద్ద దుకాణంలో కాకుండా చేసేవాళ్ల ఇంటి దగ్గరే కొనండి. అక్కడి నుంచి సాయంత్రానికి రేవుపోలవరం వెళ్తే జనం తక్కువగా ఉండే మంచి ఒడ్డు దొరుకుతుంది. హోటళ్లు లేవు, తినడానికీ తాగడానికీ వెంట తీసుకెళ్లాలి.

ఐదో అడుగు: వంశధార రోజు

నన్నడిగితే మొత్తం ప్రయాణంలో ఇదే ముఖ్యమైన రోజు, జనం ఎక్కువగా వదిలేసేదీ ఇదే.

శ్రీకాకుళంలో పొద్దున్నే అరసవల్లి సూర్యనారాయణమూర్తి దర్శనం చేసుకుని బయల్దేరండి. మార్చి రెండో వారంలో, అక్టోబరు మొదటి రోజుల్లో ఉదయపు కిరణాలు స్వామి పాదాలను తాకుతాయి. ఆ రోజుల్లోనూ, రథసప్తమికీ రద్దీ విపరీతం. తర్వాత శ్రీకూర్మం. విష్ణువు కూర్మావతారంలో పూజలందుకునే అరుదైన గుడి. స్వామి పడమటి వైపు చూస్తాడు, గుడికి రెండు ధ్వజస్తంభాలు. ప్రదక్షిణ మండపంలో పాత వర్ణచిత్రాలున్నాయి, వాటి మీద వేలు కూడా పెట్టవద్దు. ఆవరణలో నక్షత్ర తాబేళ్లుంటాయి, పిల్లలు చేతుల్లోకి తీసుకోకుండా చూడండి.

శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం మూడూ గార మండలంలోనే. అందుకే ఒక్క రోజులో ఈ చుట్టు కుదురుతుంది. పది, పదిన్నరకు శాలిహుండం చేరండి.

ఈ చోటు వెలుగులోకి వచ్చిన కథ తెలుగువాళ్లు తెలుసుకోదగ్గది. వాడుక భాష కోసం పోరాడిన, సవర భాషకు వ్యాకరణం రాసిన గిడుగు వెంకట రామమూర్తి గారే 1919లో దీన్ని గుర్తించారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం గానీ, ఈ కొండకూ ఆయనకూ ఉన్న సంబంధం ఎంతమందికి తెలుసు?

మెట్ల వెంట పైకి వెళ్తుంటే అటూ ఇటూ చైత్యాలు, స్తూపాలు. ఒక స్తూపం దగ్గర ఆగి పునాదిని జాగ్రత్తగా చూడండి. ఇటుకల్ని బండి చక్రంలా పేర్చారు. మధ్యలో ఇరుసు, చుట్టూ ఆకులు, బయట పట్టా. ఖాళీల్లో మట్టి నింపారు. ఇటుక తక్కువ పడుతుంది, బరువు అన్ని వైపులకూ సమంగా పంచుతుంది, పైగా ధర్మచక్రం ఆకారం కట్టడం లోపలే ఇమిడిపోతుంది. కట్టడం పూర్తయ్యాక ఆ చక్రం ఎవరికీ కనిపించదు. అయినా అలాగే కట్టారు.

కింది మ్యూజియం దాటవేయకండి. తార, మారీచి, మంజుశ్రీ వంటి బౌద్ధ దేవతల విగ్రహాలు అక్కడున్నాయి. క్రీస్తుపూర్వం మొదలైన ఆరామం పన్నెండో శతాబ్దం దాకా నడిచింది కాబట్టి బౌద్ధంలోని హీనయానం, మహాయానం, వజ్రయానం శాఖలు మూడూ ఒకే కొండ మీద ఆనవాళ్లు వదిలాయి. పై నుంచి వంశధార వెడల్పుగా, ఇసుక తిన్నెల మధ్య పాయలుగా సముద్రం వైపు సాగిపోవడం కనిపిస్తుంది.

కళింగపట్నం ఒకప్పటి పెద్ద రేవు. ఇప్పుడు లైట్‌హౌస్, విశాలమైన ఒడ్డు, సరుగుడు తోటలు, చేపల పడవలు. సాయంత్రం ఇక్కడే గడపండి. నది కలిసే చోట మాత్రం మోకాలి లోతు దాకా కూడా దిగవద్దు, అడుగున ఇసుక కదిలిపోతూ ఉంటుంది.

ఇంకో పూట మిగిలితే శ్రీముఖలింగం. శ్రీకాకుళం నుంచి సుమారు 45 కిలోమీటర్లు, వంశధార ఒడ్డునే. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదే. మధుకేశ్వరాలయం గోడల మీది లతలు, ద్వారబంధాల చెక్కడం చూస్తే ఒడిశా శిల్పుల చేతివాటం గుర్తొస్తుంది. చేనేత మీద ప్రేమ ఉన్నవాళ్లు పొందూరు వెళ్లండి. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు. ఆ సన్నని పళ్ల మధ్య నుంచి దూది మబ్బులా విచ్చుకుంటుంది. సన్న నూలు రహస్యం అక్కడే మొదలవుతుంది.

ఆరో అడుగు: ఏం తినాలి, ఎలా అడగాలి

మెనూ చూడకండి. "ఇవాళ ఏం చేప వచ్చింది?" అని అడగండి. సమాధానం వెంటనే, ఒకటి రెండు పేర్లతో వస్తే కూర్చోండి. అన్నీ ఉన్నాయంటే లేవండి.

వంజరం, చందువ ఖరీదైనవి, అందరూ అడిగేవి. వేపుడుకు అవి బాగుంటాయి. పులుసుకు మాత్రం నేను కానాగంతలకో కవళ్లకో ఓటేస్తాను. చవక, నూనె ఉన్న చేప, చింతపండు పులుసును బాగా పీల్చుకుంటుంది. పులుసు వండిన రోజు కంటే మర్నాడు రుచి, కాబట్టి నిన్నటిది ఉందంటే సందేహించకుండా పెట్టించుకోండి. నెత్తళ్లు చిన్నవి, కరకరలాడేలా వేయిస్తే ముల్లుతో సహా తినొచ్చు. సొరచేప పిట్టు దొరికితే వదలొద్దు. ముల్లు భయం ఉన్న పిల్లలకు అదే సరైనది.

విశాఖ ఫిషింగ్ హార్బర్‌కు తెల్లవారకముందే వెళ్తే పడవలు దిగడం, వేలంపాట, గంపలు ఎత్తుకుపోయే ఆడవాళ్ల హడావిడి చూడొచ్చు. జారే నేల, తడవడానికి సిద్ధమైన చెప్పులు వేసుకోండి. కొనాలంటే మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి. కన్ను ఉబ్బెత్తుగా, తేటగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట పడకూడదు. చిన్న చేపలు పోగుల లెక్కన అమ్ముతారు. "అమ్మా, ఇంకో నాలుగు వెయ్యి" అంటే వేస్తారు గానీ, ఆ ఎండలో గంప మోసే మనిషితో పదికీ పాతికకూ పంతం పట్టకండి. శుభ్రం చేసి ముక్కలు కోసిపెట్టేవాళ్లు పక్కనే ఉంటారు.

శాకాహారులకు లోటేమీ లేదు. పొద్దున్న ఇడ్లీకో పూరీకో బొంబాయి చట్నీ. శనగపిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి జారుగా ఉడికించి పోస్తారు. మధ్యాహ్నం పనసపొట్టు కూర, కంద బచ్చలి, ఆవపెట్టిన అరటికాయ. ఎండలో తిరిగేటప్పుడు రోడ్డు పక్కన కుండల్లో పెట్టి అమ్మే చోడి (రాగి) అంబలి కంటే మంచిది లేదు, పక్కన ఉల్లిపాయ, మిరపకాయ ఇస్తారు. చలికాలంలో తేగలు, వేసవిలో ముంజలు. ఆర్కే బీచ్‌లో మూరీ మిక్చర్ సరేసరి. పలాస దాకా వెళ్లేవాళ్లు జీడిపప్పు అక్కడే కొనుక్కోండి. గుండ్లు, బద్దలు, ముక్కలు అని రకాలుంటాయి. ఇంట్లో కూరకు, పాయసానికి బద్దలు చాలు, ధర తగ్గుతుంది.

ఏడో అడుగు: సముద్రంలో దిగే ముందు

మన తూర్పు తీరం చూడటానికి ఎంత బాగుంటుందో ఈతకు అంత మంచిది కాదు. ఒడ్డు నుంచి నాలుగడుగులకే లోతు పెరుగుతుంది. అల విరిగాక నీరు బలంగా వెనక్కి లాగుతుంది. ఆర్కే బీచ్‌లో, యారాడలో ఏటా ప్రాణాలు పోతున్నాయి. వాళ్లలో ఈత వచ్చు కదా అని ధైర్యం చేసిన కుర్రాళ్లూ ఉన్నారు.

దిగాలనుకుంటే రుషికొండలో దిగండి. శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో పొందిన ఒడ్డు అది, ఈతకు హద్దులు పెట్టిన చోటు ఉంది, కాపలా ఉండేవాళ్లున్నారు, బట్టలు మార్చుకునే గదులున్నాయి. ఎర్రజెండా ఉంటే దిగకూడదు. కాపలావాళ్లు ఈల వేస్తే వెంటనే వెనక్కి రండి. నీరు లోపలికి లాగేస్తుంటే ఒడ్డు వైపు ఎదురీది అలసిపోవద్దు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక బయటికి రావాలి. పిల్లలకు ఈ ఒక్క మాట ఇంటి దగ్గరే నేర్పి తీసుకురండి. అలలు విరుగుతున్న చోట్ల మధ్య ఒక పాయ మాత్రం నురగ లేకుండా ప్రశాంతంగా కనిపిస్తే అదే ప్రమాదకరమైన చోటు.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఈ ఇసుకలో గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒడ్డున రాత్రి తిరిగేటప్పుడు ఫోను లైటు వేయకండి, వెలుగు చూస్తే తల్లి తాబేలు వెనక్కి వెళ్లిపోతుంది. పిల్లలు బయటికొచ్చే రోజుల్లో అటవీ శాఖ వాళ్లు వాటిని సముద్రంలోకి వదులుతుంటారు. విశాఖలో ఉంటే అడిగి కనుక్కోండి.

మూడు రోజులే ఉన్నవాళ్లకు

మొదటి రోజు తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి. ఆ రాత్రికే శ్రీకాకుళం చేరుకోండి. రెండో రోజు గార మండలం చుట్టు. మూడో రోజు పొద్దున్న శ్రీముఖలింగం, మధ్యాహ్నం తిరుగు ప్రయాణం. విశాఖ వైపు వస్తూ సమయం ఉంటే విజయనగరం దగ్గర రామతీర్థంలో ఆగొచ్చు. అక్కడి గురుభక్తులకొండ మీద బౌద్ధ శిథిలాలున్నాయి, కానీ ఎక్కడానికి ఎండ దిగాలి. అనకాపల్లి వైపు వదిలేయక తప్పదు. అయితే హైదరాబాద్ వెళ్లే రైళ్లు చాలావరకు అనకాపల్లిలో ఆగుతాయి కాబట్టి ఒక రైలు ముందు దిగి శంకరం చూసి తర్వాతి రైలు ఎక్కేవాళ్లూ ఉన్నారు. సామాను తేలిగ్గా ఉంటే మీరూ అలా చేయొచ్చు.

కొండల మీద దుకాణాలుండవు. మనిషికి రెండు సీసాల నీళ్లు, టోపీ, జారని చెప్పులు, ఖాళీ సీసాలు వెనక్కి తెచ్చుకోవడానికి ఒక సంచి చాలు. గోడల మీద పేర్లు గీకే అలవాటు ఇంకా పోలేదు. మీ గుంపులో ఎవరైనా గీకబోతే ఆపండి, పక్క గుంపులోవాళ్లయినా సరే మెల్లగా చెప్పండి. చిల్లర డబ్బు దగ్గరుంచుకోండి, గార వైపు అన్ని చోట్లా ఫోన్ సిగ్నల్ అందదు.